ముళ్ళ అడవిలో సైకిలు తొక్కబోయే కిట్టూకి

చిరంజీవి కిట్టూకి,

అత్త ఆశీస్సులు. దక్షిణాఫ్రికా వెళ్ళి హ్లుహ్లువే-ఇమ్ఫొలోజి పార్కులో మౌంటెన్ బైక్ రేసు తొక్కుతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. "సింహాలుండే చోట సైకిలేమిటి వదినా, నువ్వైనా వద్దని చెప్పు" అంది. నేను చెప్పను. 1895 నుంచీ కాపాడుకొస్తున్న అడవి అది. ఆఫ్రికా దక్షిణ భాగంలో తెల్ల ఖడ్గమృగాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయినప్పుడు మిగిలిన కాసిన్నీ అక్కడే మిగిలాయి. 1960ల్లో వాటిని అక్కడినుంచే పట్టి మిగతా అడవులకు పంపారు. ఆ నేల మీద మనింటి పిల్లాడు చక్రం తిప్పుతాడంటే నాకు గర్వం కాకుండా ఎలా ఉంటుందిరా.

కానీ నాకూ ఒక భయం ఉంది. అది సింహం గురించి కాదు, నీ వెనక టైరు గురించి. మామూలు రేసులో పంచరైతే పోయేది పది నిమిషాలు. అక్కడ పంచరంటే గుంపు ముందుకెళ్ళిపోయాక పొదల పక్కన సైకిలు తలకిందులు చేసి, తల వంచుకుని ఒక్కడివే కూర్చోవడం. సైకిలు కదులుతున్నంతసేపు నువ్వు రేసువాడివి. ఆగితే ఆ అడవిలో కాలినడకన ఉన్న మనిషివి. అందుకే ఈ ఉత్తరంలో ముప్పాతిక టైర్ల గురించే రాస్తున్నాను, విసుక్కోకు.

పైపై సంగతులు ముందు చెప్పేస్తాను. చైను అరుగుదల గేజితో చూడు, 0.5 శాతం దాటితే ఇప్పుడే మార్చు. కొత్త బ్రేకు ప్యాడ్లు వేస్తే మంచి వేగంలోంచి నడక వేగానికి ఓ ఇరవైసార్లు ఆపి వాటిని అలవాటు చెయ్యి. గేరు మార్చే డిరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు నీ సైకిలుకు సరిపోయేది ఒకటి, తెగిన చైనును కలిపే క్విక్ లింకు నీ చైనుకు సరిపోయేది ఒకటి సంచిలో పడెయ్. పెట్టెలో సర్దేటప్పుడు చక్రాలు తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టు. లేకపోతే ఎవరి చెయ్యో లీవరు మీద పడి పిస్టన్లు మూసుకుపోతాయి. చివరి వారంలో సీటు, షూలు, హ్యాండిలు, ఏదీ మార్చకు.

ఇక టైరు. అక్కడి నేలంతా తుమ్మ జాతి ముళ్ళు, పల్లేరు కాయలు. ట్యూబ్‌లెస్ తప్ప మరో మాటే లేదు. పక్క గోడలు గట్టిగా ఉన్న రకం టైరు తీసుకో, వంద గ్రాములు బరువెక్కినా సరే. 29 అంగుళాల చక్రానికి, 2.35 అంగుళాల వెడల్పు టైరుకు, ఒక్కోదానికి 120 మిల్లీలీటర్ల సీలెంట్, అదే కన్నాలు పూడ్చే ద్రవం, పొయ్యి. సీసా మీద ఇంకా తక్కువ రాసి ఉండొచ్చు, అది ముళ్ళు లేని దారులకు. పాత సీలెంట్‌ని నమ్మకు. ఎండలో అది కొన్ని వారాల్లోనే ఎండి రబ్బరు ఉండలవుతుంది. చక్రం చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు రావాలి. విమానానికి గాలి తియ్యమంటే పూర్తిగా తియ్యకు, పది పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంచు. మొత్తం తీస్తే టైరు అంచు రిమ్ము వదిలేస్తుంది, మళ్ళీ కూర్చోబెట్టాలంటే కంప్రెసర్ వెతుక్కోవాలి. టైరులో గాలి నింపే చిన్న గ్యాస్ కార్ట్రిడ్జిలు అక్కడే కొనుక్కో. నీ డెబ్బై కిలోలకు ముందు టైరులో 21, వెనక 24 చాలు. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మాను, గేజి పెట్టి చూడు.

ఇప్పుడు అసలు గొడవ. పోయినేడు గుట్టల రేసులో నువ్వు చేసిన పని మళ్ళీ చేశావంటే నేను ఊరుకోను. టైరు పక్కన చీలింది, సీలెంట్ ఆపలేకపోయింది, ట్యూబు వేశావు. అంతవరకు సరే. రెండు వందల మీటర్లు పోయేసరికి అదీ దిగింది. రెండో ట్యూబు వేశావు, అదీ పోయింది. ఇంటికొచ్చి "నాసిరకం ట్యూబులు అత్తా" అన్నావు. ట్యూబుల తప్పేమీ లేదురా నాయనా. ట్యూబ్‌లెస్ టైరు ముల్లు దిగినా గాలి పోనివ్వదు. ముల్లు చుట్టూ సీలెంట్ గడ్డకట్టి దాన్ని అక్కడే బిగించేస్తుంది, నీకు తెలియను కూడా తెలియదు. నెలల తరబడి దిగిన ముళ్ళన్నీ మొనలు లోపలికి పెట్టుకుని అలాగే ఉంటాయి. అందులో పలచటి ట్యూబు పెట్టి గాలి కొడితే ఏమవుతుంది? నువ్వు వేసింది ట్యూబు కాదు, అంపశయ్య మీద పడుకోబెట్టిన భీష్ముణ్ణి.

కాబట్టి రేసుకు వారం ముందు రెండు టైర్లూ విప్పు. లోపలి పాత సీలెంట్ పొర ఒలిచెయ్. వెలుతురులో టైరును అంగుళం అంగుళం తిరగేసి చూడు. దొరికిన ప్రతి ముల్లునీ శ్రావణంతో పీకు, బయట మొన విరిగిపోయినది లోపలినుంచి బయటికి నెట్టు. మిగిలిన కన్నం రెండు మిల్లీమీటర్లు దాటితే లోపల ప్యాచ్ వెయ్యి. ఆ శ్రావణం రేసులోనూ నీ జేబులో ఉండాలి. దారిలో ట్యూబు వెయ్యక తప్పకపోతే ముందు టైరు లోపల గుడ్డతో తుడుస్తూ ఒక చుట్టు తిప్పు. వేళ్ళతో కాదు, తెగుతాయి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లుంది. చీలిక దగ్గర పాత టైరు ముక్క అడ్డం పెట్టు, లేకపోతే ట్యూబు బయటికి ఉబుకుతుంది. ఇంకొకటి, వాల్వు నట్టును ప్లయరుతో బిగించకు. వేలి బిగువు చాలు. పాత వాల్వు ఊడిరాకపోతే ట్యూబు వెయ్యలేవు.

ట్యూబు దాకా రానివ్వకు అసలు. రేసు మధ్యలో ముల్లు కనపడి, గాలి పోకుండా ఉంటే దాన్ని ముట్టుకోకు. అదే దానికి మూత. బుస్సుమంటుంటే ఆ కన్నం కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆగు. ఆగకపోతే ప్లగ్, అంటే కన్నంలో దూర్చే రబ్బరు ముక్క, గుచ్చు. ప్లగ్ అందుకోవడానికి సంచి విప్పాల్సి వస్తే నువ్వు సర్దుకోలేదన్నమాట, దాన్ని ఫ్రేముకే కట్టుకో. గ్యాస్ కొట్టేటప్పుడు వాల్వు పైకి ఉండాలి. చల్లటి గ్యాస్ నేరుగా సీలెంట్ మీద పడితే అది అక్కడికక్కడే గడ్డకడుతుంది. గ్యాస్ ఉన్నా చేతి పంపు వదలకు.

ఆగాల్సి వస్తే ఒంటరిగా ఆగకు. వెనకవాళ్ళను కేకేసి ఒకణ్ణి నీ పక్కన నిలబెట్టుకో. నువ్వు టైరు చూడు, అతను చుట్టూ చూడాలి. ఎవరో ఏదో అనుకుంటారని మొహమాటపడతావు, నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ అంతే, మోకాలు చీరుకుపోయినా ఎవరినీ పిలిచేవాడివి కాదు. అక్కడ మాత్రం పిలు, నా కోసం.

రేంజర్లు చెప్పింది చెప్పినట్టు విను, నా మాటకంటే వాళ్ళది పైది. ఒంటరి ముసలి అడవిదున్న కనిపిస్తే పక్కనుంచి దూసుకుపోదామనుకోకు. ఆగి, వెనక్కి తగ్గి, అది పోయేదాకా ఆగు. ఖడ్గమృగానికి చూపు తక్కువ, చెవి, ముక్కు చురుకు. తల్లికీ పిల్లకీ మధ్యకు ఏ జంతువు దగ్గరా వెళ్ళకు. సింహం ఎదురైతే వీపు తిప్పి పరుగెత్తకు, సైకిలు అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి నడువు. వేగంగా పారిపోయేదాన్ని తరమడం దాని స్వభావం.

నది ఇసుక వచ్చేముందే గేరు తేలిక చెయ్యి, ఇసుకలోకి దిగాక కాదు. బరువు వెనక్కి వేసి, హ్యాండిలు వదులుగా పట్టుకుని, బ్రేకు ముట్టకుండా తిరగలి తిప్పినట్టు తొక్కుతూ పో. ఎండిన బురదలో ఏనుగు అడుగులు గిన్నెల్లా గట్టిపడి ఉంటాయి, వాటి మీద కూర్చుని తొక్కితే నడుము విరుగుతుంది, నిలబడు. నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు దాకా. దారిలో తినే ఎనర్జీ జెల్ కాగితం ఒక్కటి కూడా కింద పడకూడదు, ఏ జంతువు కడుపులోకైనా పోతుంది.

రేసయ్యాక స్నానానికి ముందు ఒళ్ళంతా పిడుదుల కోసం వెతుక్కో, మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, నడుము పట్టీ కింద. కనపడితే చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగు, నలపకు. ఇంటికొచ్చాక పది రోజుల్లో జ్వరం, తలనొప్పి, ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన పుండు కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆఫ్రికా పొదల్లో సైకిలు తొక్కి వచ్చానని నోరు తెరిచి చెప్పు. నువ్వు చెప్పకపోతే ఆయనకు పిడుదు జ్వరం తట్టదు, ఇక్కడి జ్వరాలన్నిటికీ పరీక్షలు రాస్తాడు. డాక్సీసైక్లిన్ మందుతో తేలిగ్గా తగ్గేదాన్ని పది రోజులు మోయకు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. టైర్లు విప్పిన రోజు లోపలి వైపు ఫోటోలు పంపు, రెండూ.

నీ అత్త