చెప్పులు కుట్టడం నేర్చుకుంటానన్నావు గదా

గుంటూరు

చిరంజీవి సుధాకర్‌కు,

ఆశీస్సులు. మిషను కొనే మాట ఇప్పుడే వద్దు. బెజ్జం పొడిచే ఆరె, తోలు కోసే రంపె, గూటం, మొన మొద్దుగా ఉన్న రెండు సూదులు, మైనం పట్టించిన దారం ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

ఇది చాలా పాత విద్యరా. ఆర్మీనియాలో అరేని గుహలో 2008లో దొరికిన ఒంటికాలి తోలుబూటుకు దాదాపు 5,500 ఏళ్లు. ఒకే ఆవుతోలు ముక్కను పాదానికి చుట్టి తోలుతాడుతోనే బిగించారు. మన దగ్గర కిర్రుచెప్పులు, మోట తొండం, డప్పు అన్నీ మాదిగ వాడలో తయారైనవే. వాటితోనే ఊరు నీళ్లు తోడింది, జాతర చేసింది, చేసిన మనల్ని మాత్రం దూరం పెట్టింది. అందుకే ఈ పనిని తల దించుకుని నేర్చుకోవద్దు. నేర్పే పెద్దాయనకు ఆ రోజు కూలి కట్టివ్వు, ఊరికే నేర్పించుకోకు.

లందలో, అంటే తోలు ఊరబెట్టే తొట్టిలో, జరిగేది తెలిస్తేనే తోలు కొనడం వస్తుంది. సున్నపు నీళ్లలో నానితే వెంట్రుకలు వదులవుతాయి. వాటినీ, లోపలి కండనూ గీకి, సున్నం పోయేలా కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో ఊరబెడతారు. ఆ వగరే తోలు కుళ్లకుండా కాపాడుతుంది. తొలిరోజే నీళ్లు చిక్కగా పెడితే పైపొర బిగుసుకుని వగరు లోపలికి దిగదు. అందుకే పలచగా మొదలుపెట్టి రోజురోజుకూ చిక్కన చేస్తారు, వారాలు పడుతుంది. కొనేటప్పుడు అంచు కోసి చూడు. గోధుమరంగు మధ్యలో తెల్లటి గీత కనబడితే లోపల ఇంకా పచ్చితోలే, వాన తగిలితే పాడవుతుంది. ముక్క మరిగే నీళ్లలో వేస్తే తంగేడు చెక్కతో ఊరిన తోలు ముడుచుకుపోతుంది, క్రోమియం లవణాలతో ఊరబెట్టిన క్రోము తోలు పెద్దగా మారదు. క్రోముది మెత్తన, సంచులకు బాగుంటుంది, చెప్పు అడుగున వేసే అట్టకు వద్దు.

అట్టకు వెన్నుభాగం, 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం. వార్లకు 2 చాలు, కానీ వెన్నెముక వెంబడి నిలువుగా కోయి, అడ్డంగా కోస్తే సాగిపోతాయి. పొట్టతోలు వార్లకు అసలు పనికిరాదు.

కుట్టు దగ్గర తొందరపడకు. అంచుకు 4 మిల్లీమీటర్లు వదిలి గీత గీసి, గీత మీద 4 మిల్లీమీటర్లకొక బెజ్జం. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు, పైన రెండు జానలు. రెండు కొసలకూ సూదులెక్కించి, ఒకే బెజ్జంలో అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి దూర్చాలి. మిషను కుట్టు ఒకచోట తెగితే వరుసగా ఊడొస్తుంది. ఇందులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. ముందు కుడిసూది అనుకుంటే చివరిదాకా కుడిదే ముందు, మధ్యలో మార్చావా వెనకవైపు వరుస వంకరపోతుంది. రెండో సూది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని పక్కకు లాగిపెట్టు, సూది దాన్ని గుచ్చిందంటే ఇక బిగించలేవు.

తడిసిన తోలును మన మే నెల ఎండలో పెట్టకు, పెళుసెక్కి పగులుతుంది. నీడలో ఆరనిచ్చి, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే గుడ్డకు నాలుగు చుక్కల ఆముదం అద్ది రుద్దు. ఎక్కువైతే తోలు వడలి దుమ్ము పడుతుంది. వానాకాలం ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే బూజు ఖాయం.

మొదటి నెలంతా పారేసే ముక్కల మీదే కుట్టు. దసరాకు వచ్చేటప్పుడు ఒక ముక్క తీసుకురా, వెనకవైపు చూస్తాను.

మీ పెదనాన్న