కళ్లద్దాలు, రైలు హోరు, హెడ్‌ఫోన్లు

ప్రశ్న: నేను సీజన్ టికెట్టు మీద కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగినిని. రైలులో కూర్చున్నంతసేపూ కర్ణాటక సంగీతమో, శాఖాపరమైన పరీక్ష పాఠాలో వింటాను. హోరును తగ్గించే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు కొందామని సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5, బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా, సెన్‌హైజర్ మొమెంటమ్ 4 చూసి పెట్టుకున్నాను. నాకు కళ్లద్దాలు ఉన్నాయి. మన ఎండల సంగతి మీకు తెలిసిందే. వీటిలో దేనిని తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: కళ్లద్దాలున్నాయని రాసి మీరు మంచి పని చేశారు, ఎందుకంటే మీ విషయంలో ధ్వని నాణ్యత కూడా చాలావరకు ఆ అద్దాల కాడల మీదే ఆధారపడి ఉంటుంది. చెవి చుట్టూ కూర్చునే మెత్తటి దిండుకూ చర్మానికీ మధ్య కాడ దూరినప్పుడు సన్నని సందు ఏర్పడి, దానిగుండా రైలు హోరు లోపలికి వస్తుంది, పాటలోని మంద్ర స్థాయి బయటికి పోతుంది. నేను కూడా అద్దాలు పెట్టుకునేవాణ్ణే. పాట వింటూ కాడ మీదుగా ఉన్న దిండును వేలితో కొద్దిగా నొక్కితే అప్పటిదాకా డొల్లగా వినిపించిన మృదంగం ఎడమ వైపు నాదం ఒక్కసారిగా నిండుగా వస్తుంది, వేలు తీస్తే మళ్లీ పోతుంది. దుకాణంలో మీరు తప్పనిసరిగా చేయవలసిన పరీక్ష ఇదే. వేలు పెట్టినప్పటికీ తీసినప్పటికీ తేడా ఎంత తక్కువగా ఉంటే ఆ హెడ్‌ఫోన్లు మీ తలకు అంత సరిపోయినట్లు. సన్నని, చదునైన కాడలున్న అద్దాలైతే ఈ ఇబ్బంది సగానికి సగం తగ్గుతుంది.

ఇక బరువు చూద్దాం. సోనీ, బోస్ రెండూ దాదాపు 250 గ్రాములుంటాయి, సెన్‌హైజర్ 293 గ్రాములు. నలభై గ్రాములే కదా అనిపించవచ్చు గానీ, జనగామ దాటేసరికి ఆ తేడా మాడు మీద తెలుస్తుంది. తలను పట్టి ఉంచే బిగువు కూడా అంతే ముఖ్యం: మరీ బిగువైతే కాడలు కణతల దగ్గర చర్మంలోకి దిగి ఎర్రని గీత పడుతుంది, మరీ వదులైతే నేను పైన చెప్పిన సందు పెద్దదవుతుంది. అందుచేత దుకాణంలో రెండు నిమిషాలు పెట్టుకుని తీసేయకండి. మీ అద్దాలతోనే కనీసం ఇరవై నిమిషాలు ఉంచుకోండి, అమ్మేవారు విసుక్కున్నా సరే.

రైలులో ఇవి ఎంతవరకు పనిచేస్తాయో ముందే తెలిసి ఉండడం మంచిది. 1978లో జ్యూరిక్ నుంచి విమానంలో తిరిగి వెళ్తున్న అమర్ బోస్‌కు ఇంజను హోరులో సంగీతం సరిగా వినబడకపోవడమే ఆయన కంపెనీలో ఈ పరిశోధనకు మొదలు. హెడ్‌ఫోన్లలోని మైకులు బయటి ధ్వనిని పసిగడితే, హెడ్‌ఫోన్లు దానికి సరిగ్గా తిరగబడిన తరంగాన్ని పుట్టించి ఆ ధ్వనిని రద్దు చేస్తాయి. ఇది ఒకే తీరుగా సాగే మంద్ర ధ్వనుల మీద చక్కగా పనిచేస్తుంది, హఠాత్తుగా వచ్చే హెచ్చు స్థాయి ధ్వనుల మీద అంతగా పనిచేయదు. కాబట్టి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో చక్రాల హోరు, ఫ్యాన్ల రొద బాగా అణగిపోతాయి గానీ, ‘చాయ్, చాయ్’ అన్న కేక మాత్రం తగ్గుముఖం పట్టినా వినబడుతూనే ఉంటుంది. అది వస్తువులో లోపం కాదు.

హోరును అణచడంలో బోస్, సోనీలు ముందుంటాయి, సెన్‌హైజర్ ఒక మెట్టు దిగువ. ధ్వని విషయంలో మాత్రం నా ఓటు సెన్‌హైజర్‌కే: గాత్రం, వయొలిన్ సహజంగా వినిపిస్తాయి, పైగా ఒక్కసారి ఛార్జి చేస్తే 60 గంటలు వస్తుంది. సోనీకి 30, బోస్‌కు 24 గంటలు. సోనీలో పెట్టెలోంచి తీసిన రూపంలో మంద్రం ఎక్కువై గాత్రం వెనక్కి పోతుంది, దాని యాప్‌లో ధ్వని స్థాయిలను సర్దే ఈక్వలైజర్‌లో మంద్రానికి ఉన్న ‘క్లియర్ బాస్’ను కొంచెం తగ్గిస్తే కుదురుకుంటుంది. బ్లూటూత్‌లో ధ్వనిని ఎక్కువ నాణ్యతతో పంపే ఎల్‌డీఏసీ అనే పద్ధతి ఉందన్న కారణంతో సోనీ వైపు మొగ్గకండి, మీది ఐఫోన్ అయితే అది పనిచేయనే పనిచేయదు.

ఎండకు మూడింటికీ ఒకటే గతి, ఎందుకంటే దిండ్ల పైపొర మూడింటిలోనూ కృత్రిమ తోలే. మే నెలలో ఏసీ లేని పెట్టెలో అరగంటకే చెవుల చుట్టూ తడి చేరుతుంది. దిగగానే పొడి నూలు గుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చాకే పెట్టెలో పెట్టండి. చెమటతోనే మూసిపెడితే ఆ పొర త్వరగా పొట్టు రేగుతుంది.

మీ అవసరానికి నేను బోస్ అల్ట్రానే చెబుతాను. దిండు మెత్తన, బిగువు తక్కువ, మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకోవచ్చు. సోనీ ఎక్స్‌ఎం5 లోపలికి మడవదు. అయితే వేలి పరీక్షలో సోనీయే నెగ్గితే నా మాట పక్కన పెట్టి సోనీయే తీసుకోండి.

ప్రశ్న: హోరు తగ్గించే మీట నొక్కగానే చెవిలో ఏదో ఒత్తిడి తెలుస్తోంది. చెవికి హాని ఉందా?
– ఒక విద్యార్థి, మంచిర్యాల

జవాబు: చెవిలో గాలి ఒత్తిడి నిజంగా పెరగదు. మంద్ర ధ్వనులు ఉన్నట్టుండి మాయమైనప్పుడు కొందరికి అలా అనిపిస్తుంది. చాలా మోడళ్లలో తీవ్రతను తగ్గించుకునే వీలుంటుంది, ఒక మెట్టు తగ్గించి చూడండి. హాని చేసేది పాట హెచ్చుగా పెట్టుకోవడం: పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హోరు అణగితే పాటను తక్కువలోనే వినవచ్చు. పట్టాలు, రోడ్డు దాటేటప్పుడు మాత్రం హెడ్‌ఫోన్లను పూర్తిగా తీసి మెడలో వేసుకోండి.