ఆవిడ ఎప్పుడు తినేదో అడుగు

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ మామ్మ గురించి నువ్వు రాసి పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళు చెమర్చాయి. రెండోసారి పెన్సిలు పట్టుకుని ‘త్యాగమూర్తి’ అన్న మాట కింద గీత గీస్తూ పోతే తొమ్మిది గీతలు తేలాయి. ఆవిడ చేతి వంటల్లో ఊరు దేన్ని తలుచుకుంటుందో మాత్రం ఎక్కడా దొరకలేదు.

మీది కోనసీమే కాబట్టి డొక్కా సీతమ్మగారి సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం జోగన్నగారి ఇల్లాలై, 1909లో కన్నుమూసేదాకా ఆకలన్నవాళ్ళకు అన్నం పెట్టిన తల్లి. అన్నపూర్ణ అని అందరూ అంటారు. ఆ బిరుదు దగ్గర నా మనసు ఆగదు. ఆగేది అంతర్వేది దారిలో. నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిన సీతమ్మగారు, దారిలో ఎవరో ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని ‘ఇంకాసేపట్లో సీతమ్మగారిల్లు వస్తుంది, అన్నం పెడుతుంది’ అని ఊరడించడం విని, అక్కణ్ణుంచే ఇంటికి తిరిగొచ్చేసిందని చెప్పుకుంటారు. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకకు పిలుపొస్తే వెళ్ళలేదనీ, ఆవిడ ఫొటో మాత్రమే వెళ్ళిందనీ ఇంకో కథ. చూశావా, రెండింటిలోనూ ఆవిడ వెళ్ళకపోవడమే కథ! దేన్ని వదులుకుందో తెలిశాకే దేన్ని పట్టుకుందో మనకు తెలిసింది.

సీతమ్మగారి ఊరిని కూడా చూడు. గోదావరి పాయల మధ్య లంక సీమ. పడవ దాటి వచ్చేవాళ్ళకు వేళాపాళా ఉండదు. అలాంటి చోట అన్నం పెట్టడమంటే పొయ్యి ఆరనివ్వకుండా కూర్చోవడం. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు, 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ పెట్టారు. సంతోషమే. కానీ రాసేవాళ్ళకు కావలసింది ఆ పొయ్యి: కట్టెలు ఎవరు కొట్టారు, నీళ్ళు ఎవరు మోశారు, ఆకులు ఎవరు తీశారు.

మా అమ్మ పోయినప్పుడు నేనూ ఒక నివాళి రాశాను. చదివి అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కముందే, మా ఇంట్లో అంట్లు తోమిన ముసలావిడ వచ్చి, ‘అమ్మగారు మూడు దాటాకే తినేవోరు బాబూ, అడుగంటిన మాడు మజ్జిగలో నానబెట్టుకుని’ అంది. ఇరవయ్యేళ్ళు ఆ చేతి అన్నం తిన్నవాణ్ణి నేను. అమ్మ ఎప్పుడు తినేదో నాకు తెలియలేదు. ఆ ఒక్క వాక్యం నా నివాళిలో లేదు. ఈనాటికీ ఆ బాధ పోలేదు.

రాయడానికి నీ చెయ్యి వెనకాడే విషయం ఒకటుంది. మీ మామ్మ ఊరందరికీ పెట్టిందన్నావు. అరుగు మీద విస్తరి ఎవరికి వేసింది, పెరట్లో చెట్టు కింద ఎవరికి వేసింది? ఆ తేడా ఉంటే ఉన్నట్టే రాయి. అది ఏనాడైనా చెరిపేసి ఉంటే, ఎప్పుడు, ఎవరి మాట కాదని చెరిపిందో తెలుసుకో. నీ పదకొండు పేజీల్లో లేని మనిషి అక్కడ దొరకొచ్చు. ఆవిడకు కోపం వచ్చిన రోజులు కూడా దాచకు. ప్రేమించినవాళ్ళ గురించి నిజం రాయడం వాళ్ళకు ద్రోహం చెయ్యడం కాదు తల్లీ.

మామ్మతో కలిసి గాడిపొయ్యి దగ్గర నిలబడ్డ ఒకావిడ ఇంకా ఉన్నారని ఉత్తరం చివర ఒక్క ముక్క రాశావు. వచ్చే ఆదివారమే వెళ్ళు. వెళ్ళగానే ప్రశ్నలు మొదలుపెట్టకు. ఆవిడ ఏ పనిలో ఉంటే అందులో చెయ్యి కలుపు, చిక్కుళ్ళు ఒలుస్తుంటే నువ్వూ ఒలు. బియ్యం కొలిచే కుంచం ఎవరి చేతిలో ఉండేదో, జనం ఎక్కువై అన్నం చాలని పూట మామ్మ ఏం చేసేదో నెమ్మదిగా అడుగు. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసుకుని నాకు పంపు.

మీ మాస్టారు