కిల్ కొట్టినా ప్రాసెస్ ఆగట్లేదు, అది ఏ సిగ్నల్ పట్టించుకుంటుందో కోడ్ చూడకుండా తెలుస్తుందా?

తెలుస్తుందండీ, లైనక్స్ అయితే కోడ్‌తో పనే లేదు. /ప్రాక్ కింద ఆ పిఐడి (ప్రాసెస్ నంబర్) పేరుతో ఫోల్డర్ ఉంటుంది, అందులో స్టేటస్ ఫైల్‌ని సిగ్ అని గ్రెప్ కొట్టండి. సిగ్‌బిఎల్‌కె అంటే ప్రస్తుతానికి ఆపి ఉంచినవి, సిగ్‌ఐజిఎన్ అంటే అసలు లెక్కచేయనివి, సిగ్‌సిజిటి అంటే హ్యాండ్లర్ (ఆ సిగ్నల్ వస్తే నడిచే సొంత కోడ్) పెట్టుకున్నవి. పక్కనుండే 16 అంకెల హెక్సా నంబర్ చూసి కంగారుపడొద్దు, నేనైతే మొదటిసారి చూసి టెర్మినల్ మూసేశా. సిగ్నల్‌కో బిట్, కుడి నుంచి లెక్క, అంతే. సిగ్‌హప్ 1 కాబట్టి విలువ 1, సిగ్‌ఇంట్ 2 కాబట్టి 2, మామూలు కిల్ పంపే సిగ్‌టర్మ్ 15 కాబట్టి 15వ బిట్, అంటే హెక్సాలో 4000. నంబర్లు గుర్తులేకపోతే కిల్ -ఎల్ కొడితే లిస్ట్ వస్తుంది.

నాకు ఇది పనికొచ్చింది ఒక కంటైనర్ దగ్గర. డాకర్ స్టాప్ కొట్టిన ప్రతిసారీ సరిగ్గా 10 సెకన్లు అలాగే నిలబడి అప్పుడు పోయేది, యాప్‌లో సిగ్‌టర్మ్ హ్యాండ్లర్ రాసే ఉంది, రెండు రోజులు ఆ కోడ్‌నే అటూ ఇటూ కెలుక్కుంటూ కూర్చున్నా. చివరికి లోపలికెళ్లి పిఐడి 1 స్టేటస్ చూస్తే సిగ్‌సిజిటి చివర 10002 అని ఉంది, అంటే సిగ్‌చైల్డ్, సిగ్‌ఇంట్ రెండే, 4000 జాడే లేదు. తీరా చూస్తే పిఐడి 1 మా యాప్ కాదు, దాన్ని స్టార్ట్ చేసే బ్యాష్ స్క్రిప్ట్! పిఐడి 1కి హ్యాండ్లర్ లేకపోతే లోపలి నుంచి పంపినా, డాకర్ పంపినా సిగ్‌టర్మ్‌ని కెర్నల్ పక్కన పడేస్తుంది, యాప్‌కి కబురే అందదు, 10 సెకన్లు చూసి డాకర్ బలవంతంగా ఆపేసే సిగ్‌కిల్ పంపేది. స్క్రిప్ట్ ఆఖరి లైన్‌లో యాప్ కమాండ్ ముందు ఎగ్జెక్ అని పెట్టా, షెల్ స్థానంలోకి యాపే వచ్చింది, వెంటనే ఆగడం మొదలైంది.

మీ దాంట్లో 4000 సిగ్‌బిఎల్‌కెలోనూ ఎస్‌హెచ్‌డిపిఎన్‌డిలోనూ (వచ్చి ఇంకా అందని సిగ్నల్స్ లైన్, సిగ్ అని గ్రెప్ కొడితే రాదు, అదే ఫైల్‌లో విడిగా చూడండి) రెండిట్లో కనిపిస్తే సిగ్నల్ వచ్చి క్యూలో పడుంది, ప్రాసెస్ తలుపు తీయట్లేదు అని అర్థం. సిగ్‌సిజిటిలో ఉండి కూడా ఆగకపోతే హ్యాండ్లర్ ఉందనే తెలుస్తుంది గానీ అది లోపల ఏం చేస్తుందో ఈ ఫైల్ చెప్పదు, అప్పుడు ప్రాసెస్ కెర్నల్‌కి చేసే కాల్స్ చూపించే ఎస్‌ట్రేస్‌ని -పి తో ఆ పిఐడికి తగిలించి ఇంకో విండోలోంచి కిల్ కొట్టండి, సిగ్‌టర్మ్ లైన్ పడ్డాక అది ఏ కాల్ దగ్గర ఇరుక్కుందో అక్కడే కనిపిస్తుంది.