సునాబెడా ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరొస్తే మనకేంటి లాభం?

"రక్షణ రంగంలో పోసే డబ్బు దేశానికి తిరిగొస్తుందా, ఉద్యోగాలొస్తాయా?" అని అడిగారు. నేనుండేది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో, కాబట్టి మాకు దగ్గర్లోని సునాబెడా సంగతే చెప్తాను.

అక్కడి హెచ్ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) ఫ్యాక్టరీ 1960ల్లో మిగ్-21 యుద్ధ విమానాల ఇంజిన్ల కోసం పెట్టింది, ఇప్పుడు సుఖోయ్-30 యుద్ధ విమానాల ఇంజిన్లు చేస్తోంది. 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ 240 ఇంజిన్లకి 26 వేల కోట్లకి పైగా ఆర్డరిచ్చింది, ఎనిమిదేళ్లలో అందించాలి. వినడానికి బాగుంది, కానీ అందులో దేశీయ వాటా 54 శాతం పైచిలుకే, మిగతాది విదేశీ సామానుకి పోయేదే. ఈ వాటా ఎంత పెరిగితే అంత డబ్బు ఇక్కడి చిన్న వర్క్‌షాపులకి, స్టీలు, టైటానియం కంపెనీలకి చేరుతుంది. అసలు లాభం అక్కడుంది, గేటు లోపల దొరికే ఉద్యోగాల్లో కాదు.

ఎందుకంటే ఇది మిషన్ల పని. ఆర్డరు రెట్టింపైతే మనుషులు రెట్టింపవ్వరు. ఐటీఐ ఫిట్టరు, మెషినిస్టు చేసినవాళ్లకి అప్రెంటిస్ దొరకొచ్చు, అది పర్మనెంట్ అవుతుందని మాత్రం లెక్కలేసుకోవద్దు (మా వీధిలో ఇలాగే లెక్కేసి ముహూర్తం పెట్టుకున్నవాళ్లున్నారు!).

టౌన్‌షిప్ చుట్టూ టిఫిన్ సెంటర్లు, అద్దె ఇళ్లు, బళ్లు, ఆటోలు బతుకుతున్నాయి, నిజమే. ఫ్యాక్టరీ కోసం భూములు పోగొట్టుకున్న ఆదివాసీ కుటుంబాలూ ఉన్నాయి, ఆ లెక్క జీడీపీలో కనపడదు.