టెక్ సందేహాలు: క్లౌడ్ ప్రాజెక్టు కోసం ల్యాప్‌టాప్ రక్షణ తీసేయాలా?

సందేహం: సార్, ఫైనలియర్ ప్రాజెక్టుగా ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌తో ప్రైవేట్ క్లౌడ్ చేస్తున్నాం. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్, దాని లోపల డెవ్‌స్టాక్ (ఓపెన్‌స్టాక్‌ను ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులు) పెట్టాం. డ్యాష్‌బోర్డు వస్తోంది కానీ ఇన్‌స్టెన్స్ (క్లౌడ్ లోపలి వర్చువల్ మెషీన్) బూట్ కావడానికి చాలాసేపు పడుతోంది. ఒక వర్చువల్ మెషీన్‌లో ఇంకోదాన్ని నడిపే నెస్టెడ్ ఆప్షన్‌ను టిక్ చేయనివ్వడం లేదు. ఒక వీడియో చూసి విండోస్‌లోని మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఆపేశాం. టీమ్ అంతా ఎవరింటి నుంచి వాళ్లు పనిచేయాలని నెట్‌వర్క్‌ను బ్రిడ్జ్‌లో పెట్టి (వర్చువల్ మెషీన్‌ను నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లో కలిపి), రూటర్‌లో పోర్టులు తెరిచాం. ఇంకేం మార్చాలి?

జవాబు: ముందు ఆ పోర్టులు మూసేయండి. వేగం సంగతి తర్వాత చూద్దాం.

ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అన్నింటిలోనూ ప్రశ్న వేగం గురించే. అసలు ప్రమాదం మాత్రం చివర్లో, అదేదో మామూలు విషయమన్నట్టు ఒక్క ముక్కలో ఉంటోంది. డెవ్‌స్టాక్ డాక్యుమెంటేషన్‌లోని నమూనా ఫైల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ ‘సీక్రెట్’ అని ఉంటుంది. చాలామంది దాన్నే కాపీ చేసి వదిలేస్తారు. ఇన్‌స్టాలేషన్ కోసం సృష్టించే ‘స్టాక్’ అనే యూజర్‌కు పాస్‌వర్డ్ అడగని సుడో (అడ్మిన్) హక్కు ఇస్తారు. పరీక్షకు వాడే సిర్రోస్ అనే చిన్న లినక్స్ ఇమేజ్ లాగిన్ పాస్‌వర్డ్ ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. గదిలో కూర్చుని నేర్చుకోవడానికి ఇవేవీ తప్పు కావు. వీటన్నింటికీ పబ్లిక్ ఐపీ నుంచి దారి ఇవ్వడమే తప్పు. ఆ డ్యాష్‌బోర్డులోకి అడ్మిన్‌గా వచ్చినవాడు తన సొంత ఇమేజ్ ఎక్కించి, మీ ల్యాప్‌టాప్ మీద తన మెషీన్లు నడుపుకుంటాడు.

సెక్యూరిటీ గ్రూప్ (ఇన్‌స్టెన్స్‌కు ఉండే ఫైర్‌వాల్ రూల్స్) ఉంది కదా అంటారు. డిఫాల్ట్ గ్రూప్ బయటినుంచి లోపలికి వచ్చే ట్రాఫిక్‌ను ఆపుతుంది. లోపలినుంచి బయటికి వెళ్లేదాన్ని మాత్రం మొత్తంగా వదిలేస్తుంది. అంటే ఆ ఇన్‌స్టెన్స్ నుంచి మీ ఇంటి రూటర్, ఇంట్లోవాళ్ల ఫోన్లు, బ్రిడ్జ్ అటువైపు ఉన్నవన్నీ అందుబాటులోకి రావచ్చు. పింగ్ రావడం లేదని లోపలికి వచ్చే రూల్‌ను కూడా ‘ఎనీ’ చేసేసే అలవాటు ఒకటుంది. అది ఇంకా ప్రమాదం.

‘అదంతా వర్చువల్ మెషీన్ లోపలే కదా, అసలు సిస్టమ్‌కు ఏమవుతుంది?’ అన్న ధీమా చాలా ఉత్తరాల్లో కనిపిస్తుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఒక పొర లోపల ఇంకో పొర ఉంటే భద్రత రెట్టింపు అవుతుందనుకోవడం పొరపాటు. నెస్టింగ్ ఆన్ చేయడమంటే, అడుగున ఉన్న హైపర్‌వైజర్‌లోని (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లోని) చాలా క్లిష్టమైన కోడ్‌ను గెస్ట్‌కు, అంటే లోపలి మెషీన్‌కు, అందుబాటులో పెట్టడం. 2021లో గూగుల్ భద్రతా బృందం ప్రాజెక్ట్ జీరో వివరించిన సీవీఈ-2021-29657 లోపం సరిగ్గా అక్కడిదే. లినక్స్ హైపర్‌వైజర్ అయిన కేవీఎంలో ఏఎండీ ప్రాసెసర్ల కోసం రాసిన నెస్టెడ్ భాగంలో, గెస్ట్ ఇచ్చిన డేటాను ఒకసారి తనిఖీ చేసి, వాడేటప్పుడు మళ్లీ మెమరీ నుంచే చదివేవారు. ఆ రెండింటి మధ్య గెస్ట్ దాన్ని మార్చేస్తే చాలు, హోస్ట్‌లోకి, అంటే అసలు మెషీన్‌లోకి, దారి దొరికేది. దాన్ని సరిచేశారు. కానీ మీ ప్రాజెక్టు మెషీన్‌లో కెర్నల్ అప్‌డేట్ చేసి ఎన్నాళ్లైంది? ప్రాజెక్టు చెడిపోతుందన్న టెన్షన్‌తో అప్‌డేట్లు ఆపేసుకునే టీమ్‌లే ఎక్కువ.

మెమరీ ఇంటిగ్రిటీ మళ్లీ ఆన్ చేయండి. చెడ్డ డ్రైవర్లు కెర్నల్‌లోకి చొరబడకుండా కాపాడే ఏర్పాటు అది. ఈ విషయంలో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ల మీద నాకు కోపం ఉంది. ఆ రక్షణ కోసం ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను సిస్టమే తీసుకుంటుంది, అది మంచిదే. కానీ ఆ సంగతి యూజర్‌కు కళ్లెదురుగా చెప్పరు. అప్‌డేట్ తర్వాత నిన్నటిదాకా పనిచేసిన మెషీన్ నత్తనడక నడుస్తుంది. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లో టిక్ బాక్స్ బూడిదరంగులో ఉంటుంది, పక్కన కారణం మాత్రం ఉండదు. ‘సిస్టమ్‌లోని వేరే హైపర్‌వైజర్ దీన్ని వాడుతోంది’ అని ఒక్క వాక్యం చూపిస్తే విద్యార్థులు రక్షణలన్నీ పీకేసే వీడియోల వెంట పడరు. ఆ వీడియోలు చేసేవాళ్లు కూడా ‘పని అయ్యాక మళ్లీ ఆన్ చేయండి’ అని చెప్పడం నేను దాదాపుగా వినలేదు.

ఇక వేగం. వర్చువల్ మెషీన్ లోపలికి వెళ్లి సీపీయూ ఫ్లాగ్‌లలో (ప్రాసెసర్ ఫీచర్ల జాబితాలో) ఇంటెల్ అయితే ‘వీఎంఎక్స్’, ఏఎండీ అయితే ‘ఎస్‌వీఎం’ ఉందో లేదో చూడండి. మీ దగ్గర ఉండదనే నా అనుమానం. కేవీఎం దొరక్కపోతే డెవ్‌స్టాక్ నిశ్శబ్దంగా క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్‌కు మారిపోతుంది. ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నూ సాఫ్ట్‌వేర్‌లోనే అనువదించాలి కాబట్టి బూట్ కావడానికి అంతసేపు పడుతుంది. ర్యామ్ పెంచినా ఇది మారదు.

నా సలహా: వేరే ఎస్‌ఎస్‌డీలో లినక్స్ వేసుకుని, నేరుగా కేవీఎం వాడండి. కెర్నల్ 4.20 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లకు కూడా నెస్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటోంది. సీపీయూ మోడ్‌ను ‘హోస్ట్ పాస్‌త్రూ’ (అసలు ప్రాసెసర్ ఫీచర్లను లోపలికి అందించే సెట్టింగ్) అని పెట్టడం మర్చిపోకండి. అప్పుడు కూడా అసలు మెషీన్ వేగం రాదు. లోపలి గెస్ట్ ఒకసారి ఆగితే నియంత్రణ ముందు అట్టడుగు హైపర్‌వైజర్‌కు వెళ్లి, అక్కణ్నుంచి మధ్య పొరకు రావాలి. ఆ మధ్య పొర చేసే పనులు మళ్లీ అడుగుకు దిగుతాయి. అయినా చేతకానిదేమీ కాదు. 2010లో ఐబీఎం పరిశోధకుల ‘టర్టిల్స్’ పరిశోధనా పత్రం, సాధారణ పనుల్లో ఒకే పొరతో పోలిస్తే తేడా 6 నుంచి 8 శాతమేనని చూపించింది. మధ్య మెషీన్‌కు 10 జీబీ ఇచ్చి, లోపల దాదాపు 20 ఎంబీ ఉండే సిర్రోస్‌తోనే పని కానివ్వండి. లోపల పెద్ద డెస్క్‌టాప్ ఇమేజ్‌లు నడపాలనే పట్టుదల వద్దు.

టీమ్ మొత్తానికి యాక్సెస్ కావాలంటే నెట్‌వర్క్‌ను నాట్‌లో (బయటివాళ్లు నేరుగా చేరలేని పద్ధతిలో) ఉంచి, కీ ఉన్నవాళ్లకే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ లేదా వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) ఇవ్వండి. డ్యాష్‌బోర్డు పోర్టు ఎప్పుడూ బయటికి కనిపించకూడదు.

ఇంకో మాట, ఇది ప్రాజెక్టు గైడ్‌లకు కూడా. నోడ్‌ల (క్లౌడ్‌లోని మెషీన్ల) సంఖ్య చూసి మార్కులు వేయకండి. ఒకే క్లౌడ్‌లో రెండు ‘ప్రాజెక్టులు’ (ఓపెన్‌స్టాక్‌లో వేర్వేరు యూజర్ల విడి విభాగాలు) సృష్టించి, రెండింటికీ 10.0.0.0/24 అనే ఒకే అడ్రస్ రేంజ్ ఇచ్చి, ఒకదాని ఇన్‌స్టెన్స్ రెండోదానికి కనిపించదని చూపించమనండి. ఎందుకు కనిపించదో వివరించగలిగిన విద్యార్థికి క్లౌడ్ అర్థమైనట్టే. దానికి ఒక్క నోడ్ చాలు.

సందేహం: రెండు నోడ్‌లు పెట్టాం. ఇన్‌స్టెన్స్‌కు పింగ్ వస్తోంది, ఎస్ఎస్‌హెచ్ మాత్రం మధ్యలో ఆగిపోతోంది.

జవాబు: ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు. నోడ్‌ల మధ్య టన్నెల్ వేసే వీఎక్స్‌ల్యాన్ ప్రతి ప్యాకెట్‌కూ 50 బైట్లు కలుపుతుంది, కాబట్టి 1500 ఉన్న చోట లోపల 1450 మాత్రమే మిగులుతుంది. చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, కీ మార్పిడిలో వచ్చే పెద్దవి రాలిపోతాయి. ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1422 బైట్ల పింగ్ పంపి చూడండి. హెడర్లు 28 కలిపితే సరిగ్గా 1450 అవుతుంది. అది వెళ్లకపోతే, అడుగు నెట్‌వర్క్ నిజంగా మోయగలిగే ఎంటీయూ ఎంతో తెలుసుకుని న్యూట్రాన్‌కు (ఓపెన్‌స్టాక్‌లోని నెట్‌వర్క్ భాగానికి) ఆ అంకె ఇవ్వండి. 50 తీసేయడం అదే చూసుకుంటుంది. తర్వాత కొత్త నెట్‌వర్క్ సృష్టించి అందులో ఇన్‌స్టెన్స్ పెడితే డీహెచ్‌సీపీ ద్వారా కొత్త విలువ అందుతుంది.