డాక్యుమెంటరీకి స్క్రిప్టు ముందే రాసుకోవాలా?

ఒంగోలు గిత్తల మీద పది నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి, అక్కడ ఏం జరుగుతుందో తెలియకుండా స్క్రిప్టు ఎట్లా రాసేది అని అడిగారు. నేను బోల్తా పడిన సంగతి చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మాది నెల్లూరు. మొదటిసారి రొట్టెల పండగ మీద తీశాను. మూడు పేజీల వాయిస్ ఓవర్, అంటే బొమ్మ మీద వినిపించే వ్యాఖ్యానం, రాసుకుని పోయాను. పండగ జరిగే దర్గా పేరు బారా షహీద్ అంటే పన్నెండుమంది అమరవీరులని, మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారని, అంతా రాశాను. కెమెరా ఎవరి వెంట పోవాలో మాత్రం రాసుకోలేదు. రోజంతా జనాన్ని తీసి ఇంటికొచ్చి చూసుకుంటే తలకాయలు, గొడుగులు, మైకుల గోల. రొట్టె చేయి మారేది రెండు మూడు సెకన్లే. ఇచ్చేదెవరో, ఎందుకిస్తున్నారో తెలియకపోతే అందులో చూడ్డానికేముంది? మళ్లీ తీద్దామంటే ఏడాది ఆగాలి.

మరుసటి ఏడు నెల ముందే ఒక అక్కను వెతికి పట్టుకున్నా. అక్కడ ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. ఆమె ఉద్యోగం రొట్టె తీసుకుని, కొలువొచ్చాక మొక్కు తీర్చుకోడానికి వస్తోంది. ఈసారి స్క్రిప్టు ఒకటిన్నర పేజీ. కాగితం మధ్యలో గీత, ఎడమపక్క కనిపించేది, కుడిపక్క వినిపించేది. పెనం మీద రొట్టె కాలడం, గుడ్డలో చుట్టడం, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. ఆమె ఏం చెప్పాలో రాయలేదు, నేను ఏం అడగాలో రాసుకున్నా. రొట్టె ఎవరు తీసుకుంటారన్న గడి ఖాళీగా వదిలేశా. తీరా తీసుకున్నది ఒక పెద్దాయన. నీళ్లలో నిలబడే సగం తిని, మిగతా సగం జేబులో దాచుకున్నాడు, కొడుక్కట! కూర్చుని రాస్తే ఇది తడుతుందా?

అసలు స్క్రిప్టు షూటింగ్ అయ్యాక రాశాను. రెండున్నర గంటల మాటలు కాగితం మీద దించి, కత్తెరతో ముక్కలు చేసి, నేల మీద పరిచి వరస కుదుర్చుకున్నా. రెండు రోజులు ఇంట్లో ఎవర్నీ ఫ్యాన్ వేయనివ్వలేదు. చివర్లో, ఖాళీలు కనిపించిన చోట మాత్రమే వాయిస్ ఓవర్. ఆరు వాక్యాలు. పాత మూడు పేజీల్లోంచి మిగిలింది ఒక్కటే: కోరిక తీరినవాళ్లు మళ్లీ రొట్టెతో రావాలన్నది.

ఇంకోటి, కెమెరా ఎత్తేముందు అడగండి. సంతానం రొట్టె దగ్గర ఒకామె వద్దంది, దించేశాను.

ఇప్పుడు మీ గిత్తలు. బ్రెజిల్‌లో మన జాతిని నెలోర్ అంటారని మొదలుపెట్టాలని మీకూ చెయ్యి లాగుతుంది. అది గూగుల్‌లోనూ దొరుకుతుంది. ముందు బండలాగుడు పోటీ తేదీ కనుక్కోండి. దానికి జతను తయారుచేస్తున్న ఒక్క రైతును పట్టుకుని, పోటీకి పదిరోజుల ముందు నుంచే వాళ్ల కొట్టం దగ్గరికి పోతుండండి. మొదటి రెండు రోజులు కెమెరా తీయొద్దు, గిత్తలు కూడా మీకు అలవాటు పడాలి. గెలుపా ఓటమా అన్న గడి ఖాళీగా వదిలి, రెండింటికీ ఏమేం తీయాలో మాత్రం రాసుకోండి. గెలిస్తే ఎటూ అందరూ తీస్తారు. ఓడితే మాత్రం కెమెరా ఆపకండి, గిత్తల్ని తిరిగి బండి ఎక్కించేదాకా తీస్తూనే ఉండండి.